కెల్ప్ అడవుల్లో కాలికో బాస్ కోసం: లా హోయా, టూ హార్బర్స్

దక్షిణ కాలిఫోర్నియా సముద్రంలో చెట్లలా పొడవుగా పెరిగే నాచును కెల్ప్ అంటారు. అందులో దాగి ఉండే కెల్ప్ బాస్ చేప కోసం కయాక్‌లో, అంటే తెడ్డు వేసే సన్నని చిన్న పడవలో, వెళ్ళేవారికి పడవను నీళ్ళలోకి ఎక్కడ దింపుతారన్నదాని మీదే ఆ రోజు ఎలా గడుస్తుందన్నది చాలావరకు ఆధారపడుతుంది. ఈ చేపను అక్కడివారు కాలికో అంటారు.

సాన్ డియేగోలోని లా హోయా షోర్స్‌లో ఇసుక ఒడ్డు నుంచి నేరుగా కెరటాల్లోకే దిగాలి. పెద్ద అలల వరుస దాటిపోయేదాకా మోకాళ్ళ లోతు నీళ్ళలో కయాక్ ముక్కును సముద్రం వైపు తిప్పి పట్టుకుని నిలబడి, నీళ్ళు కాస్త సద్దుమణగగానే ఎక్కి తెడ్డు వేయాలి. నాకు అద్దెకు ఇచ్చినవారు పడవలో చేరిన నీళ్ళు వదిలే బిరడాను సరిగ్గా బిగించలేదు. దూరం పోయాక పడవ బరువెక్కుతున్నట్టు తెలిసి వెనక్కి రావలసి రావడంతో ఉదయపు మంచి సమయమంతా పోయింది. అంతకన్నా బాధ కలిగించిన విషయం మరొకటి ఉంది. 2012 నుంచి అక్కడి మట్లాహుయల్ సముద్ర రిజర్వులో ఏ చేపనూ పట్టకూడదని, దాని హద్దు దాటేదాకా గాలం వేయరాదని వారు ఒక్క మాటైనా చెప్పలేదు. కొత్తవారికి ఇది తప్పక చెప్పవలసిన సంగతి.

మర్నాడు గైడును పెట్టుకున్నాను. ఆ ఖర్చు ప్రతి పైసాకూ విలువైనదే. లంగరు వేయకుండా ఒక కెల్ప్ కాడను పైకి లాగి ఒడిలో అడ్డంగా వేసుకుంటే పడవ ఉన్నచోటే నిలుస్తుందని ఆయన చూపించారు. వేలెడంత బుడగలతో తేలుతూ ఆ కాడలన్నీ ఒకే వైపుకు వాలి ఉన్నాయంటే ప్రవాహం అటు పోతున్నదని అర్థం. చేప దానికి ఎదురుగా ఉన్న అంచున, ఆకుల నీడలో కాచుకుని ఉంటుంది. కొక్కెం మొన మెత్తని రబ్బరు ఎరలో దాగి ఉంటేనే నాచు తగులుకోదు. ఎర అందుకున్న క్షణంలోనే గట్టిగా లాగకపోతే చేప కాడల్లోకి దూరిపోతుంది. అలా దూరినప్పుడు దారాన్ని వదులు చేసి ఓపిక పడితే, ఒక్కోసారి అదే బయటికి వస్తుంది. కాళ్ళతో తొక్కి నడిపే పెడల్ కయాక్ అడుగున ఉండే రెక్కలకు కెల్ప్ చుట్టుకుంటుంది కనుక ఇక్కడ తెడ్డే మేలు.

కాటలీనా ద్వీపంలోని టూ హార్బర్స్‌కు సాన్ పెడ్రో నుంచి ఫెర్రీలో వెళ్ళాను. అక్కడ నీళ్ళు ప్రశాంతంగా ఉండే చిన్న అఖాతంలోనే పడవ దింపవచ్చు. గుడారాల స్థలం సముద్రానికి ఎదురుగా ఉంటుంది. నక్కలు, కాకులు ఎత్తుకుపోకుండా ఆహారాన్ని పెట్టెలో భద్రపరచాలి. సరుకుల దుకాణం ఒక్కటే కనుక ఎరలు, కొక్కేలు వెంట తెచ్చుకోవడం మంచిది. తూర్పున బ్లూ కేవర్న్ ప్రాంతంలో చేపల వేట నిషేధం కాబట్టి నేను పడమర ఒడ్డు వెంట వెళ్ళాను. మధ్యాహ్నం గాలి లేస్తుంది. అంతకుముందే తిరిగి రావాలి.

16 ఏళ్ళు నిండినవారందరికీ లైసెన్సు అవసరం. కెల్ప్ బాస్ 14 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవచ్చు, ఇసుక బాస్ జాతులతో కలిపి రోజుకు 5 మాత్రమే. నాకు దొరికిన వాటిలో అందమైనది 13 అంగుళాలు దాటలేదు. గోధుమరంగు వీపు మీద తెల్లని మచ్చలున్న ఆ చేపను తడి చేత్తో పట్టుకుని నీళ్ళలో ఉంచగానే ఒక్క ఊపున కెల్ప్‌లోకి వెళ్ళిపోయింది.

ఒక్క రోజే ఉన్నవారు లా హోయాలో గైడుతో వెళ్ళండి. రెండు రాత్రులు గడపగలిగితే టూ హార్బర్స్‌నే ఎంచుకోండి.