అమ్మ కోసం కొన్న పెద్దక్షరాల బైబిల్: ఆరు నెలలు వాడాక

గుంటూరులో మార్కెట్ సెంటర్ దగ్గర ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో పెద్దక్షరాల తెలుగు బైబిల్ కొని ఆరు నెలలైంది. కొన్న వారానికే రాద్దామనుకున్నాను కానీ కళ్లు తగ్గినవాళ్లకు పుస్తకం పనికొచ్చిందో లేదో వారంలో తెలియదు, అందుకే ఆగాను. వాడేది నేను కాదు, మా అమ్మ. వయసు డెబ్బై ఒకటి, రెండు కళ్లలోనూ నీటికాసులు, అంటే గ్లకోమా.

ఆ జబ్బు గురించి ముందు కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ సైజే ఎందుకు కొన్నామో అర్థం కాదు. శుక్లాలైతే ఆపరేషన్ చేసి లెన్స్ పెడితే చూపు తిరిగొస్తుంది. నీటికాసుల్లో కంటి నరం దెబ్బతింటుంది, పోయిన చూపు మళ్లీ రాదు, చుక్కల మందుతోనో ఆపరేషన్‌తోనో కంట్లో ఒత్తిడి తగ్గించి ఉన్నదాన్ని కాపాడుకోవడమే. చాలామందికి పక్క చూపు ముందు పోతుంది కాబట్టి చాలాకాలం తెలియనే తెలియదు. అమ్మ గుమ్మానికి భుజం కొట్టుకుంటుంటే, పక్కన పెట్టిన మంచినీళ్ల గ్లాసు చేత్తో తోసేస్తుంటే తొందరపాటు అనుకున్నాం. నేను విసుక్కున్నాను కూడా, అది ఇప్పటికీ బాధగానే ఉంది. తెలిసేసరికి ఎడమ కన్ను చాలావరకు పోయింది, కుడి కంట్లో మధ్యలో కొంచెం మిగిలింది. ఎలా కనిపిస్తోందమ్మా అని అడిగితే పిడికిలి వదులుగా ముడిచి కంటి దగ్గర పెట్టుకుని, ఇదిగో ఇంత, అంది.

పెళ్లిలో అయ్యగారు, అంటే మా పాస్టర్ గారు, చేతికిచ్చిన బైబిల్‌నే అమ్మ ఇన్నేళ్లూ చదివింది. అందులో అక్షరాలు చిన్నవి. ఎంత పెద్దవి దొరికితే అంత మంచిదనుకుని అన్నిటికన్నా పెద్దది కొందామని బయల్దేరాను. అది తప్పని షాపులో తేలింది. మీ ఇంట్లో కూడా ఇదే జబ్బు ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

షాపాయన, "వందనాలమ్మా, కూర్చోండి" అని అమ్మకు కుర్చీ వేసి మూడు సైజులు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. అమ్మ మూడింట్లోనూ థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయమే తీయించింది. అక్కడ కృతజ్ఞతాస్తుతులు అన్న మాట ఉంటుంది. ఒక్క మాటలో క పక్కన వట్రుసుడి, జ కింద ఞ వత్తు, స కింద త వత్తు. చిన్నదాంట్లో ఈ వత్తులన్నీ కింది వరుస గుడిదీర్ఘాల మీద పడి ముద్దయిపోయాయి. అన్నిటికన్నా పెద్దదాంట్లో ప్రతి అక్షరం చక్కగా కనిపించింది, కానీ అమ్మకు మిగిలిన ఆ గుండ్రటి చూపులో మూడు నాలుగు అక్షరాలకు మించి పట్టలేదు. 'కృతజ్ఞ' అని ఆగి, 'తాస్తు' అని ఆగి, 'తులు' దగ్గరికొచ్చేసరికి మొదలేంటో వెనక్కి వెతుక్కుంటోంది. మధ్య సైజు తీసుకుంటే మాట మొత్తం ఒకే చూపులో పట్టింది. "ఇదమ్మా, ఇందులో మాట ముక్కలవ్వట్లేదు" అంది. షాపాయన తొందరపెట్టకుండా అరగంట ఓపిక పట్టారు, అందుకు ఆయనకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. శుక్లాలవాళ్లకో, వయసు వల్ల దగ్గర చూపు మందగించినవాళ్లకో బాగా పెద్దది సుఖంగా ఉండొచ్చు. నీటికాసులవాళ్ల సంగతి వేరు, మనిషిని తీసుకెళ్లకుండా కొనొద్దు.

ఇక పుస్తకం సంగతి. అచ్చు నల్లగా, చిక్కగా ఉంది, వరుసల మధ్య చోటు బాగుంది, నాకు నచ్చింది అదే. కాగితం మాత్రం పలచన, వెనక పేజీ అక్షరాలు ఇటు కనిపిస్తాయి. బైబిల్‌లోని 66 పుస్తకాలూ ఒకే అట్టలో పట్టాలంటే అంతకన్నా మందం కాగితం వాడలేరని తెలుసు, అయినా చూపు తక్కువవాళ్లకు ఆ నీడ అక్షరాలు పెద్ద ఇబ్బంది. కంటి ఆసుపత్రిలో చూపు తక్కువవాళ్ల కోసం ఉండే 'లో విజన్' విభాగంలో ఒకమ్మాయి చెప్పిన చిట్కా పని చేసింది, చదివే పేజీ కింద నల్ల కాగితం దూరిస్తే వెనక అక్షరాలు కనిపించవు. ఇంకో నల్ల అట్టముక్కలో రెండు వరుసలు పట్టేంత సన్నటి కిటికీ కోసి పేజీ మీద పెట్టి జరుపుకుంటూ చదివితే వరుస తప్పదు. ఈ రెండిటికీ కలిపి పది రూపాయలు కూడా కాలేదు, ఫలితం మాత్రం బైబిల్‌కు పెట్టిన డబ్బంత ఉంది.

యేసు ప్రభువు మాటలు ఎర్ర అక్షరాల్లో అచ్చేసినవి కూడా అదే షాపులో ఉన్నాయి. చూడ్డానికి బాగుంటాయి, కానీ అమ్మకు ఆ ఎరుపు పలచన కాగితం మీద తేలిపోయింది. మొత్తం నలుపే తీసుకోండి. జిప్ కవరు నాసిరకం, రెండో నెలలోనే జిప్పు పట్టుకునే ముక్క ఊడిపోయింది, దానికి తెల్ల రిబ్బను కట్టాం. బరువు ఎక్కువ, ఒళ్లో పెట్టుకుంటే అమ్మ మోకాళ్లు పట్టేస్తున్నాయి. మసీదు పక్కన కొట్లో ఖురాన్ పెట్టుకునే మడత పీట అమ్ముతారు కదా, అది కొనుక్కొచ్చాను. బైబిల్ సరిగ్గా కూర్చుంది. ఎవరికని కొట్టతను అడిగితే చెప్పాను, అమ్మగారికి చదువుకోవడానికైతే అంచులు గుచ్చుకోకూడదని గరుకు కాగితంతో రుద్ది మరీ ఇచ్చాడు.

అమ్మ చదవడం పొద్దున్నే అయిదింటికి, మందు చుక్కలు వేసుకున్నాక. టేబుల్ లైటు ఎడమ భుజం వెనకనుంచి పడేలా పెట్టాం, ఎదురుగా పెడితే కాగితం మెరుస్తుంది. బైబిల్ సరిగ్గా మధ్యకు తెరిస్తే దాదాపు కీర్తనల్లోనే ఉంటాం కాబట్టి తెరవడానికి ఆమెకు చూపు అక్కర్లేదు. ఎక్కువగా చదివేది 136. అందులో 26 వచనాలు, ప్రతి వచనంలో రెండో సగం ఒకటే మాట, ఆయన కృప నిరంతరముండును. గుళ్లో అయ్యగారు మొదటి సగం చదివితే సంఘమంతా రెండో సగం చెప్పడం చిన్నప్పటినుంచీ అలవాటే.

ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. నల్ల అట్ట కిటికీని వేలితో జరుపుతూ మొదటి సగం కూడబలుక్కుంటుంది, ఎర్రసముద్రం, అరణ్యం, అమోరీయుల రాజు సీహోను, బాషాను రాజు ఓగు. ఆ సగం అవగానే కళ్లు మూసుకుని తల కొంచెం పైకెత్తి రెండో సగం గట్టిగా చెబుతుంది. మళ్లీ కళ్లు తెరిచి అట్ట జరుపుతుంది. ఇరవై ఆరు సార్లూ అంతే. మామూలుగా పది నిమిషాలు చదివితే కళ్లలో నీళ్లు కారేవి, ఇలా అయితే కీర్తన మొత్తం అవుతోంది.

"ఆ సగం కూడా అచ్చయ్యే ఉంది కదమ్మా, అది చూడవెందుకు?" అన్నాను.

"అది మారదు కదమ్మా. మారేవి చూసుకుంటే చాలు" అంది, చాలా మామూలుగా, బియ్యం ఎంత పోయాలో చెప్పినట్టు.

వెలి చూపు వలన కాక విశ్వాసము వలన నడుచుకోవడం అన్న పౌలు మాట సండే స్కూల్లో కంఠతా పెట్టినదాన్ని నేను. దానికి ఇన్నేళ్లూ నాలో ఒక బొమ్మంటూ లేదు. ఇప్పుడుంది, అమ్మ మూసిన కళ్లు, అట్ట మీద ఆగిన వేలు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. విశ్వాసముంటే చూపొస్తుందని అమ్మ మొహం మీదే అన్నవాళ్లున్నారు. మందు మానేసి ప్రార్థన మీద ఆధారపడమన్నవాళ్లూ ఉన్నారు. దయచేసి ఎవరితోనూ అలా అనకండి. నీటికాసులకు చుక్కలు మానేస్తే ఉన్న చూపు కూడా పోవచ్చు. అమ్మ ఆ చుక్కలు వేసుకునేటప్పుడు కూడా ప్రార్థన చేసుకుంటుంది, ఒక్కపూట తప్పలేదు.

కుడి కంటికి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ అయ్యాక, ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించమంది. చూపేమీ పెరగలేదు, ఒత్తిడి తగ్గిందంతే. మా పిన్ని అడిగేసింది, "చూపు రాలేదుగా అక్కా, కూడిక దేనికి?" అని. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉంది. అయినా పెట్టాం, ముప్పై మంది వచ్చారు, పాస్టర్ గారు లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగుల్లో ఒక్కడే వెనక్కొచ్చి వందనాలు చెప్పిన సంగతి మీద క్లుప్తంగా మాట్లాడారు. తర్వాత సాక్ష్యానికి అమ్మను లేపారు. అమ్మకు మైకు అలవాటు లేదు. ఆ వారం తాను చూసినవి చెప్పింది. మనవరాలి జడలో కనకాంబరాలు చూశాను. చేటలో రాయి నేనే ఏరాను. పాలబ్బాయి మీసాలు పెంచాడు, చూశాను. వెనక వరసలో ఒక పెద్దావిడ ఉన్నట్టుండి "ఆయన కృప నిరంతరముండును" అంది. అమ్మ ఇంకోటి చెప్పగానే ఈసారి నలుగురైదుగురు అన్నారు. ఆ తర్వాత గదిలో అందరం అంటూనే ఉన్నాం, పిన్ని కూడా.

బైబిల్‌తో పాటు ఆడియో పెట్టె కూడా ఒకటి కొన్నాం, మెమరీ కార్డుతో వచ్చే చిన్న స్పీకరు. చిక్కుడుకాయలు ఒలుస్తూ వినడానికి బాగానే ఉంది. కానీ ఆపి మళ్లీ వేస్తే ఆగిన చోటు గుర్తుండదు, మళ్లీ ఆదికాండం మొదటి అధ్యాయమే. బటన్లన్నీ ఒకే సైజు, తడిమితే తెలియడానికి ప్లే బటన్ మీద ఫెవికాల్ చుక్క వేసి ఆరబెట్టాను. వెనక వాయించే సంగీతం కొన్నిచోట్ల మాటల్ని మింగేస్తోంది. ఫోన్‌లో బైబిల్ యాప్ అయితే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టుకోవచ్చు, సైజు కావలసినంత మార్చుకోవచ్చు, చూపు తగ్గినవాళ్లకు నిజంగా మంచి వీలు. అమ్మకు మాత్రం మధ్యలో ఫోన్ మోగితే చోటు పోయి టెన్షన్ వచ్చేస్తోంది.

అసలు మా ఇంట్లో చదవడమంటే విలువ ఎక్కువ. అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హయ్యర్ గారు 1842లో గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి ఆ మిషన్ ఇక్కడ సువార్త చెప్పడంతో పాటు బళ్లు కూడా పెట్టింది. మా అమ్మమ్మ పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక బైబిల్ ఉమన్ దగ్గర, అంటే ఇళ్లకొచ్చి ఆడవాళ్లకు బైబిల్ చెప్పే ఆవిడ దగ్గర, అక్షరాలు దిద్దుకుంది. మూడో కాన్పు మా అమ్మ, పుట్టింది ఆ మిషన్ వాళ్ల కుగ్లర్ ఆసుపత్రిలో. వినిపించే పెట్టె ఉంది కదా, ఇంక కళ్లు కష్టపెట్టుకోవద్దని నేనంటే, "మా అమ్మ అంత కష్టపడి నేర్చుకున్నది నేను ఊరికే వదిలేయనా?" అంది. ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం ఆరాధనకు ఈ పెద్ద బైబిల్ తీసుకెళ్లదు. బరువు, పైగా గుళ్లో లైటు నెత్తిమీద నుంచి పడుతుంది, చదవలేదు. పెళ్లినాటి చిన్న బైబిలే ఒళ్లో పెట్టుకుంటుంది, తెరవదు, వాక్యం చదువుతున్నంతసేపూ అట్ట మీద చెయ్యి వేసి ఉంచుతుంది.

మాకు వెయ్యి రూపాయల లోపే పడింది. అయిదుకు నాలుగు ఇస్తాను, ఒకటి కాగితానికీ జిప్పుకీ కలిపి తగ్గించాను. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డరు పెట్టొద్దు. ఇంట్లో పెద్దవాళ్లను ఆటో ఎక్కించి షాపుకు తీసుకెళ్లండి, పగటి పూట, చుక్కలు వేసి గంటైనా గడిచాక. 136వ కీర్తన తీసి వాళ్ల చేతికిచ్చి, ఎన్ని వచనాలకు కళ్లు అలసిపోతాయో పక్కన నిలబడి చూడండి. రెండో సగం మీరు అందుకోండి.