ఎగ్జిక్యూటివ్ ఎంబీఏకి ఏ వీసా: అమెరికాదా, బ్రిటన్‌దా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడల్లో పదేళ్లు ఉద్యోగం చేసి ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ (ఉద్యోగానుభవం ఉన్నవాళ్ల ఎంబీఏ) అనుకునే మనవాళ్లు కాలేజీ ర్యాంకు కంటే ముందు క్లాసుల టైమ్‌టేబుల్ చూడాలి.

హాజరు
అమెరికా: ఎఫ్-1కి (విద్యార్థి వీసా) ఫుల్‌టైమ్ చదువు కావాలి. వారాంతం కోర్సులకి చాలాచోట్ల ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఇవ్వరు, ఫీజు కట్టకముందే అడగండి.
బ్రిటన్: పీజీ స్థాయిలో పార్ట్‌టైమ్‌కీ స్టూడెంట్ వీసా ఉంది, కానీ అక్కడ ఉద్యోగం చేయనివ్వరు. గుర్తింపున్న సంస్థలో 6 నెలల్లోపు కోర్సుకి విజిటర్ వీసా చాలు.

ఖర్చు
అమెరికా: వీసా దరఖాస్తుకి 185 డాలర్లు, సెవిస్‌కి (విదేశీ విద్యార్థుల నమోదు ఫీజు) 350.
బ్రిటన్: స్టూడెంట్ వీసాకైతే ఫీజు కాక ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు.

డబ్బు రుజువు
అసలు టెన్షన్ ఇదే. మా పెదనాన్నగారి అబ్బాయి ఒడియాలో ఉన్న భూమి పట్టాని ఇంగ్లీషులోకి రాయించి, నోటరీ ముద్ర వేయించి ఫైల్లో పెట్టుకున్నాడు. బ్రిటన్ స్టూడెంట్ వీసాకి భూమి లెక్కలోకి రాదు. ఖాతాలో సొమ్ము 28 రోజులు ఒక్కరోజు కూడా తగ్గకుండా నిలవాలి, లేదా ఎడ్యుకేషన్ లోన్ చూపాలి. అమెరికాకైతే ఇంటర్వ్యూ ముఖ్యం. ఒడిశా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకే వస్తుంది. చదువయ్యాక తిరిగొస్తారని అధికారికి నమ్మకం కలగాలి. ఆఫీసు ఇచ్చిన సెలవు మంజూరు లెటర్ అక్కడ ఎంతో బలం.

కుటుంబం
అమెరికా: ఎఫ్-2 (ఎఫ్-1 వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద భార్యాపిల్లలు రావచ్చు, ఉద్యోగం మాత్రం కుదరదు.
బ్రిటన్: 2024 జనవరి నుంచి ఎంబీఏ లాంటి కోర్సులవాళ్లు కుటుంబాన్ని తీసుకెళ్లలేరు.

ఉద్యోగం ఇక్కడే ఉంచుకుని కొద్దిరోజుల క్లాసులకి వెళ్లొచ్చేవారికి బ్రిటన్ నయం. సెలవు పెట్టి ఇంటిల్లిపాదితో వెళ్లేవారికి అమెరికా.