బైవాలెంటా, ఎక్స్‌బీబీ టీకానా: పాత జ్ఞాపకం ఎటు లాగింది?

2022 ఆగస్టు చివర్లో అమెరికా అనుమతించిన బైవాలెంట్ (రెండు వైరస్ రూపాలు కలిపిన) కోవిడ్ బూస్టర్‌నీ, 2023 సెప్టెంబరులో ఒమిక్రాన్‌లోని ఎక్స్‌బీబీ.1.5 అనే రకం కోసం వచ్చిన టీకానీ పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెద్దలకిచ్చే ఫైజర్ డోసు రెండిట్లోనూ 30 మైక్రోగ్రాములే. మొదటి దాంట్లో అందులో సగం, అంటే 15 మైక్రోగ్రాములు, వూహాన్ నాటి పాత వైరస్‌కి పోయింది. మిగతా సగమే ఒమిక్రాన్ రకాలైన బీఏ.4, బీఏ.5లకి. రెండో దాంట్లో పాతది పూర్తిగా తీసేశారు.

ఎందుకంటే, అప్పటికే చాలామంది ఒంట్లో పాత వైరస్ స్పైక్‌ను (దాని పైన ముల్లులా ఉండే ప్రొటీన్‌ను) గుర్తుపట్టే మెమరీ బి కణాలున్నాయి, అంటే ఒకసారి చూసినదాన్ని గుర్తుంచుకుని మళ్లీ యాంటీబాడీలు తయారుచేయించే కణాలు. ఆ పాత రూపం మళ్లీ కనిపిస్తే ముందు అవే లేస్తాయి, కొత్త కణాలకి అవకాశం తగ్గుతుంది. దీన్నే ఇమ్యూన్ ఇంప్రింటింగ్ అంటారు. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా బృందం కూడా పాత వైరస్‌ను వదిలేయమనే చెప్పింది.

నా ఓటు రెండోదానికే. అలాగని పాత జ్ఞాపకం చెరిగిపోలేదు. ఎక్స్‌బీబీ టీకా తర్వాత పెరిగిన యాంటీబాడీల్లో కూడా ఎక్కువ భాగం పాత, కొత్త రూపాలు రెండిటినీ పట్టుకునేవే. దీనికి టెన్షన్ పడక్కర్లేదు. అవి కొత్త వైరస్ మీద కూడా పనిచేస్తాయి. బైవాలెంట్ వేసుకున్నవాళ్లదీ వృథా కాలేదు, ఆ చలికాలం ఎంతోమంది పెద్దవాళ్లను అది ఆసుపత్రి పాలు కాకుండా కాపాడింది.