లినక్స్‌లో యాప్‌లు ఎక్కించుకోవడానికి ఏది మేలు: ఆప్టా, ఫ్లాట్‌ప్యాకా, స్నాపా, యాప్‌ఇమేజా?

అనంతపురంలోని డీటీపీ దుకాణాలలో విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్‌నూ అను ఫాంట్లనూ వదలని వారి సంగతి వేరు. ఉబుంటు, మింట్ లేదా డెబియన్ వంటి లినక్స్ వేసుకున్న దుకాణదారుకైనా, కళాశాల ల్యాబును చూసుకునే వారికైనా మొదటి వారంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకే సాఫ్ట్‌వేర్ నాలుగు రూపాలలో దొరుకుతుంటే దేనిని ఎక్కించుకోవాలి? దీనికి జవాబు నెట్ ఎలా వస్తుంది, ఆ యంత్రాన్ని రేపు ఎవరు చూసుకుంటారు అన్న రెండు విషయాలను బట్టి ఉంటుందని నా అభిప్రాయం.

డెబియన్‌కూ, దాని నుంచి పుట్టిన ఉబుంటు, మింట్‌లకూ ఆప్ట్ పుట్టింటి పద్ధతి. అవసరమైన లైబ్రరీలను (ఉమ్మడి కోడ్ భాగాలను) అన్ని యాప్‌లూ పంచుకుంటాయి కనుక డౌన్‌లోడు చిన్నది. ఒక్క ఆదేశంతో యంత్రమంతా అప్‌డేట్ అవుతుంది. ముప్పై కంప్యూటర్ల ల్యాబులో ఒకదానిపై ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ నడిపితే, ఒకసారి దిగిన ప్యాకేజీని మిగిలినవన్నీ లోపలి నెట్‌వర్క్ నుంచే తీసుకుంటాయి. నెలకు ఇంత డేటా అని లెక్క కట్టుకునే చోట ఈ ఒక్క సౌకర్యమే తక్కినవాటికంటే ఎక్కువ తూగుతుంది.

దీని లోటు పాతదనం. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో లిబ్రేఆఫీస్ 7.4 ఉంటుంది, ఆ విడుదల ఉన్నంతకాలం భద్రతా సవరణలు వస్తాయే కానీ వెర్షన్ మారదు. ఉత్తరాలు టైపు చేసేవారికి దానితో ఇబ్బంది లేదు. తెలుగు పేజీలు కట్టేవారికి మాత్రం వెర్షన్ అసలు విషయం కావచ్చు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.4లో ఒత్తులు అక్షరం కిందికి చేరక పక్కన విడివిడిగా పడేవి. 2017లో వచ్చిన 1.5.3తోనే అవి సరిగ్గా కూర్చోసాగాయి. అలాంటి మార్పు కోసం మొత్తం సిస్టమ్ తరువాతి విడుదల వచ్చేదాకా ఆగడం ఏ దుకాణదారుకూ కుదరదు.

అక్కడ ఫ్లాట్‌ప్యాక్ అక్కరకు వస్తుంది. యాప్ తనకు కావలసిన రన్‌టైమ్‌ను (నడవడానికి అవసరమైన లైబ్రరీల మూటను) తెచ్చుకుంటుంది కనుక డెబియన్ అయినా ఫెడోరా అయినా ఒకే కొత్త వెర్షన్ నడుస్తుంది. మొదటి యాప్‌కు కొన్ని వందల ఎంబీ దిగవచ్చు. అదే రన్‌టైమ్ వాడే తరువాతి యాప్‌లకు అంత భారం ఉండదు. యాప్ తన హద్దు దాటకుండా ఉండటం దీని బలమూ, అప్పుడప్పుడు తలనొప్పీ. గిరాకీ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోని శుభలేఖ ఫైలు కొన్ని యాప్‌లకు కనిపించదు. అనుమతులు మార్చే ఫ్లాట్‌సీల్ యాప్‌లో ఆ ఫోల్డరుకు అనుమతి ఇస్తే సరిపోతుంది. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌ల స్టోరు ఫ్లాట్‌హబ్‌లో దొరికేవన్నీ అసలు తయారీదారులే పెట్టినవి కావు కాబట్టి, ఎక్కించే ముందు ధ్రువీకరణ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.

ఫ్లాట్‌ప్యాక్ లాగే యాప్‌ను దానికి కావలసినవాటితో కలిపి ఇచ్చే స్నాప్‌ను నా ఎంపికలో నేను చివరన పెడతాను. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తున్నందున దానిని పూర్తిగా తప్పించుకోవడం కష్టమే. అయితే స్టోరు ఉబుంటు తయారీ సంస్థ కానానికల్ ఒక్కదాని చేతిలోనే ఉంది, దాని సర్వర్ కోడ్ బహిరంగం కాదు; మింట్ 2020లో తన 20వ వెర్షన్‌లో స్నాప్‌ను ముందుగానే అడ్డుకోవడానికి ఇదొక కారణం. పైగా అది సాధారణంగా రోజుకు నాలుగుసార్లు అప్‌డేట్ల కోసం వెతుకుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో పని నడిపే దుకాణంలో ఇది సహించదగినది కాదు. అప్‌డేట్లను ఆపి ఉంచే వీలు తరువాత వచ్చింది కానీ, ఆ సంగతి వాడేవారికి తెలిసి ఉండాలి కదా! 2018 మేలో ఒక ఆట స్నాప్‌లో క్రిప్టో మైనర్ (వాడేవారి కంప్యూటర్‌తో క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రామ్) దాగి ఉన్నట్టు బయటపడితే స్టోరు దానిని తొలగించింది.

యాప్‌ఇమేజ్ ఒక్క ఫైలు. నడిపే అనుమతి ఇచ్చి తెరవడమే. కొత్త వెర్షన్‌ను పరీక్షించడానికీ, పెన్‌డ్రైవ్‌లో పక్క ఊరికి పట్టుకుపోవడానికీ ఇంతకంటే తేలికైనది లేదు. కానీ తాళం వేసిన గది లాంటి రక్షణ దానంతట అదిగా ఉండదు, చాలావాటికి అప్‌డేట్లు మనమే చూసుకోవాలి, ఉబుంటు 22.04లో లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీ ఎక్కించనిదే చాలా ఫైళ్లు తెరుచుకోవు.

కాబట్టి ల్యాబుకు ఆప్ట్ ఒక్కటే చాలు. డీటీపీ దుకాణానికి ఆప్ట్ మీద సిస్టమ్‌ను నిలిపి, స్క్రైబస్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, ఫోటోలు దిద్దే గింప్ వంటి రోజువారీ పనిముట్లను మాత్రమే ఫ్లాట్‌ప్యాక్‌లో తీసుకోవడం మేలు. తెలుగు ఫాంట్లను ఆప్ట్ ద్వారానే ఎక్కించవచ్చు. సిస్టమ్‌లోని ఫాంట్లు ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లకూ కనిపిస్తాయి కనుక రెండుసార్లు వేయనక్కరలేదు.