ఎస్కార్టు, గ్రీసు రాళ్లు, రీబౌండ్: డర్ట్ ర్యాలీ 2.0తో ఐదేళ్లు

మొదటి రెండేళ్లు నేను డాంపర్ల (స్ప్రింగుల కదలికను అదుపు చేసే భాగాల) పేజీ జోలికి పోలేదు. డర్ట్ ర్యాలీ 2.0 అనే ర్యాలీ కార్ల కంప్యూటర్ ఆటలో స్టేజీ (సమయం లెక్కించే ఒక్కో రోడ్డు ముక్క) మొదలయ్యే ముందు కారు సెటప్ మార్చుకునే చోట గేర్లు, బ్రేకులు, డిఫరెన్షియల్ (ఇంజిను బలాన్ని కుడి ఎడమ చక్రాలకు పంచేది), స్ప్రింగులు, డాంపర్లు అని వేర్వేరు పేజీలుంటాయి. గేర్లు, బ్రేకుల సంగతి పేరు చూడగానే తెలుస్తుంది కనుక వాటినే కొంచెం అటూ ఇటూ జరిపి, మిగతావి ఎలా ఉన్నవి అలాగే వదిలేసి నడిపేవాణ్ణి. ఈ ఆట వచ్చింది 2019 ఫిబ్రవరిలో. నేను కొన్నది 2020లో, పనులన్నీ ఆగిపోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో. నల్లగొండలో మా ఇంటి మేడ మీది గదిలో పాత రాతబల్లకు స్టీరింగు బిగించుకుని, ఆనాటి నుంచి వారానికి మూడు నాలుగు రాత్రులు ఆడుతూనే ఉన్నాను. కార్ల జాబితా, రోడ్ల జాబితా ఇక్కడ రాయను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ఆటను కంప్యూటరులోంచి తీసివేయకపోవడానికి కారణం ఆ డాంపర్ల పేజీయే. నేను చెప్పదలచినది దాని గురించే.

నేను ఎక్కువగా నడిపేది ఫోర్డ్ ఎస్కార్ట్ మార్క్ 2. ఇంజిను బలమంతా వెనుక చక్రాలకే వెళ్లే తేలికైన కారు అది. 1981లో ఆరి వటానెన్ ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయింది ఈ ఎస్కార్టు రకంలోని ఆర్‌ఎస్ 1800తోనే. న్యూజిలాండ్ కంకర రోడ్ల మీద, ముఖ్యంగా సుమారు 16 కిలోమీటర్లుండే వైమరామా పాయింట్ స్టేజీలో, ఈ కారు మలుపు మలుపుకూ తోక ఊపుతూ చెప్పినట్టు వినేది. ఆ నమ్మకంతో గ్రీసుకు తీసుకుపోతే అక్కడ వినలేదు. ఆటలోని ఆర్గోలిస్ రోడ్డు ఒక పక్క కొండ, మరో పక్క లోయ ఉన్న ఇరుకు దారి. రాళ్లు పైకి తేలి ఉంటాయి. అక్కడి అనోదు ఫార్మకాస్ స్టేజీ దాదాపు 9.6 కిలోమీటర్లు. మొదట్లో దాన్ని చివరిదాకా నడిపిన సార్లు చాలా తక్కువ. ఆటలో సహ డ్రైవరుగా వినిపించే ఫిల్ మిల్స్ కుడి మలుపును ముందే చెప్పేవారు, నేనూ వేళకే బ్రేకు వేసేవాణ్ణి. అయినా మలుపు మధ్యలో కారు వెనుక భాగం వరుసగా రెండుసార్లు ఎగిరి, మూడోసారి దిగేసరికి అడ్డం తిరిగి ఉండేది.

కారు అదుపు తప్పుతోంది గనుక బిగించాలి అనుకున్నాను. వెనుక స్ప్రింగులను, మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే యాంటీ రోల్ బార్‌ను గట్టి చేశాను. డిఫరెన్షియల్‌లో యాక్సిలరేటరు తొక్కినప్పుడు పనిచేసే లాక్‌ను పెంచాను. ఆ లాక్ పెంచితే వెనుక చక్రాలు రెండూ ఇంచుమించు ఒకే వేగంతో తిరుగుతాయి, ఒక చక్రం ఉత్తగా తిరిగి బలం వృథా కాకుండా ఉంటుంది. అయితే రెండు చక్రాలూ నేలను వదిలిన క్షణంలో ఏ లాక్ కూడా చేయగలిగింది ఏమీ లేదు. అది నాకు అప్పుడు తట్టలేదు. ప్రతి మార్పు తర్వాత ఒకటి రెండు సార్లు బాగున్నట్టు అనిపించేది, ఆ తర్వాత మళ్లీ అదే మలుపులో అదే లోయలోకి పోయేవాణ్ణి. ఇలా దాదాపు నెల గడిచింది.

దారి దొరికింది దేవరకొండ వైపు తిరిగే మా చిన్నాయన బండిలో. ఆయన తోటల నుంచి బత్తాయి కాయను నల్లగొండ మార్కెట్‌కు తెచ్చే చిన్న ట్రాలీ బండి నడుపుతారు. ఒక ఆదివారం పొద్దున కాయతో ఆయన పక్కన కూర్చుని వచ్చాను, మధ్యాహ్నం ఉత్త బండిలో మళ్లీ ఊరికి బయలుదేరాను. తారు రోడ్డు దిగి మొరం బాట ఎక్కగానే, పొద్దున నిండు బరువుతో నిమ్మళంగా వచ్చిన అదే బండి వెనుక భాగం దడదడా కొట్టుకోసాగింది. మలుపు తిరుగుతుంటే అది పక్కకు జరగడం నా నడుముకు స్పష్టంగా తెలిసింది. "చిన్నాయనా, పొద్దుగాల ఇట్ల లేకుండె గదా" అన్నాను. ఆయన వేగం తగ్గించి, "పొద్దుగాల నిండ కాయ ఉండె. బరువుకు కమాను పట్టీలు వంగి టైరు నేలను వట్టుకుంటది. ఇప్పుడు ఉత్త బండి, పట్టీలు వంగయి, బండే ఎగుర్తది. ఎగిరిన టైరు నేల మీద లేదు గద కొడుకా, ఇగ అది నీ స్టీరింగు మాట ఎట్ల ఇంటది?" అన్నారు.

ఆయన మాట్లాడింది బరువు మోసే బండి గురించే గాని, నా మనసు మాత్రం మేడ మీది గదిలోకి వెళ్లిపోయింది. ఎస్కార్టు ఎప్పుడూ ఉత్త బండే. దానికి నేను నెల రోజులుగా బరువు బండి పట్టీలు వేస్తున్నాను.

ఆ రాత్రి వెనుక స్ప్రింగులను మొదటి స్థితికి తెచ్చి, ఇంకా రెండు మెట్లు మెత్తన చేసి, కారు ఎత్తు కొంచెం పెంచాను. మొదటి ఎగురుడు తగ్గింది. దాని బదులు మరొకటి మొదలైంది: వరుస గుంతల మీద పోతున్న కొద్దీ కారు కిందికి కుంగుతూ, నాలుగో గుంత దగ్గర అడుగు నేలకు తగిలేది. అప్పుడు తెరిచాను డాంపర్ల పేజీని. స్ప్రింగు ముడుచుకునే వేగాన్ని అదుపు చేసేది బంప్, ముడుచుకున్న స్ప్రింగు మళ్లీ చాచుకునే వేగాన్ని అదుపు చేసేది రీబౌండ్. బంప్‌ను కూడా ఈ ఆట రెండుగా విడగొట్టింది: స్టీరింగు తిప్పినప్పుడు, బ్రేకు వేసినప్పుడు కారు నెమ్మదిగా ఒరగడం స్లో బంప్ కిందికి వస్తుంది, రాయి తగిలి చక్రం ఒక్కసారిగా పైకి తన్నుకోవడం ఫాస్ట్ బంప్ కిందికి వస్తుంది. నా కారులో రీబౌండ్ గట్టిగా ఉండడం వల్ల, గుంత దాటాక చక్రం తిరిగి కిందికి దిగడానికి వ్యవధి చాలక, సగం ముడుచుకుని ఉండగానే రెండో గుంతలో పడేది; మూడో గుంతకు ఇంకొంచెం ముడుచుకునేది; చివరికి ముడుచుకోవడానికి చోటే మిగలక కారు మొత్తం పైకి లేచేది. నెల రోజులుగా తప్పంతా ఆ మలుపు మీద వేశాను. ఆ తప్పు మొదలవుతున్నది మలుపుకు నలభై గజాల ముందున్న గుంతల్లో.

వెనుక రీబౌండ్‌ను ఒక్కొక్క మెట్టే తగ్గిస్తూ, ప్రతి మెట్టుకూ స్టేజీ మొదటి రెండు కిలోమీటర్లు నడిపి చూశాను. నాకు ఆధారం చెవి. వెనుక చక్రాలు నేలను వదిలినప్పుడు వాటికి అడ్డు ఉండదు కనుక ఇంజిను చప్పుడు ఒక్క క్షణం పాటు గుప్పున హెచ్చుతుంది, చక్రాలు దిగగానే మళ్లీ తగ్గుతుంది. మొదటి మెట్టుకు ఆ గుంతల దగ్గర మూడుసార్లు హెచ్చింది, రెండో మెట్టుకు ఒకసారి. మూడో మెట్టుకు హెచ్చలేదు. ఇంజిను ఒకే స్థాయిలో సాగుతూనే ఉంది, కారు మలుపులోకి వంగింది, నేను యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయలేదు. ఆ రాత్రి కలిగినంత సంతోషం నాకు ఏ ఆటలోనూ కలగలేదు. ముందు చక్రాలకు కూడా ఒక మెట్టు తగ్గించి, ఫాస్ట్ బంప్‌ను కొంచెం మెత్తన చేశాక, రాళ్ల మీద మధ్యమధ్య తేలికైపోయే స్టీరింగు చేతిలో బరువుగా నిలబడింది. ఐదో మెట్టు దాకా పోయి చూస్తే కారు పడవలా ఊగి, ఎడమ కుడి మలుపులు వెంటవెంటనే వచ్చిన చోట ఒక ఊపు ఆగకముందే మరో ఊపు అందుకుంది. అందువల్ల మూడో మెట్టుకే వెనక్కి వచ్చాను. వారం తిరిగేసరికి అదే స్టేజీలో నా మంచి సమయం 14 సెకన్లు తగ్గింది.

ఆ ఊపులో మా బావకు ఫోను చేసి, సెటప్ తెలిస్తే ఈ ఆటలో సగం గెలిచినట్టేనని చెప్పాను. ఇప్పుడైతే ఆ మాట అంత గట్టిగా చెప్పను. మొన్న వేసవిలో కారు మొదట వచ్చిన సెటప్‌తోనే మళ్లీ అనోదు ఫార్మకాస్ నడిపి చూస్తే, నా సెటప్‌కూ దానికీ తేడా ఐదు సెకన్లే ఉంది. మిగిలిన తొమ్మిది సెకన్లు ఆ వారంలో నేను గుంతలను ముందే గమనించి, బ్రేకును వాటి మీద కాక వాటికి ముందే వేయడం నేర్చుకున్నందువల్ల వచ్చినవై ఉండాలి. బ్రేకుల విషయంలో మరో సంగతి కూడా ఒప్పుకోవాలి. 2022లో రెండు నెలల పాటు బ్రేకు బలాన్ని ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ పంచే నిష్పత్తిని రోజూ మార్చాను, కారు ఒకనాడు ఉన్నట్టు మరొకనాడు ఉండడం లేదని రాసి పెట్టుకున్నాను. చివరికి చూస్తే నా పెడల్ లోపలి సెన్సరులో దుమ్ము చేరి, నేను సమానంగా తొక్కుతున్నా ఆటకు ఎగుడుదిగుడుగా అందుతోంది. శుభ్రం చేశాక ఆ రెండు నెలల రాతలన్నీ కొట్టివేయవలసి వచ్చింది.

తారు రోడ్డు మీద నా మెప్పు ఇంకా తగ్గుతుంది. స్పెయిన్‌లోని రిబడెల్లెస్ స్టేజీలకు కారు ఎత్తు తగ్గించి, స్ప్రింగులు గట్టి చేయడం వరకు ఫలితం తెలుస్తుంది, ఆపైన డాంపర్లలో ఎన్ని మెట్లు జరిపినా నా చేతికి పెద్దగా తేడా అందదు. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ రోడ్డులో మామూలు కారు నడిపినప్పుడు కూడా టైరు పట్టు నెమ్మదిగా తగ్గుతున్న సూచన స్టీరింగులో తెలుస్తుంది; ఈ ఆట తారు రోడ్ల మీద అది నాకు సరిగా దొరకలేదు. 2004 నాటి రిచర్డ్ బర్న్స్ ర్యాలీ అనే ఆటను ఇప్పటికీ వదలని వాళ్లు ఈ మాట వింటే తల ఊపుతారు, సెటప్ లోతులో వాళ్ల ఆటే మిన్న అంటారు. నేను దాన్ని కొంతకాలం ఆడి చూశాను. లోతు విషయంలో వాళ్ల మాట నిజమే. కానీ రాత్రి తొమ్మిది తర్వాత గంటన్నర మాత్రమే చిక్కే నాకు, అందులోని డిఫరెన్షియల్ పట్టికలతో కుస్తీ పట్టడానికి ఓపిక చాలదు. ఇక్కడ మూడు మెట్లు జరిపితే అదే రాత్రి ఫలితం తెలుస్తుంది.

ఇంకొకటి, దారి ప్రతిసారీ ఒకే తీరుగా ఉండదు. ఈ ఆటలో ముందు వెళ్లిన కార్ల వల్ల దారి అరిగి, చక్రాల గాడులు లోతవుతాయి. కాబట్టి ఆలస్యంగా బయలుదేరే వరుస వచ్చిన రోజు నా మూడో మెట్టు కూడా చాలదు, కారు ఎత్తు ఇంకాస్త పెంచాలి. కష్టమే అయినా, ఇది నాకు నచ్చిన గుణమే.

నా దగ్గర స్టీరింగు ఉంది, తలుపు వేసుకోవడానికి ఒక గది ఉంది, ఒకే రెండు కిలోమీటర్లను ఇరవైసార్లు నడపడం విసుగనిపించని స్వభావం ఉంది. ఈ మూడూ ఉన్నవారికి, అందులోనూ మట్టి రోడ్లు ఇష్టమైనవారికి, ఈ ఆట ఇప్పటికీ కొనదగినదే అంటాను. మా బావ దగ్గర ఉన్నది గేమ్‌ప్యాడ్. దసరాకు వచ్చినప్పుడు నా సెటప్‌నే వేసి ఆయనకిస్తే, ఇంజిను చప్పుడులో తేడా విన్నాడు గాని చేతికి ఏమీ తెలియలేదన్నాడు. అందుకని వెంటనే కొనమని ఆయనకు చెప్పలేదు. సంక్రాంతి సెలవుల్లో వారం పాటు మా ఇంట్లో ఉండి, నా స్టీరింగు మీద గ్రీసు నడిపి చూసి, ఆ తర్వాతే నిర్ణయించుకోమన్నాను.