సాహసికుల గిల్డా, చేతివృత్తుల శ్రేణా: ఏది మేలు?

ఫాంటసీ కథల్లోని సాహసికుల గిల్డ్, అంటే రాక్షసులను వేటాడే పనులు పంచిపెట్టే చోటు, మన వైపు వారికి కొత్తగా అనిపించదు. విజయనగరంలో తెల్లవారకముందే తాపీ, గమేళా పట్టుకుని కూలీలు నిలబడే అడ్డాకు పైకప్పు వేసి, గోడకు నోటీసు బోర్డు తగిలించి, మేస్త్రీకి బదులు నవ్వుతూ పలకరించే గుమస్తాను కూర్చోబెడితే అదే గిల్డ్ అవుతుంది. సాహసికుడు తన ర్యాంకుకు తగిన కాగితాన్ని బోర్డు మీద నుంచి తీసుకుని అడవికి వెళతాడు. తిరిగొచ్చాక రాక్షసి కొమ్మో చెవో బల్ల మీద పెట్టి, గిల్డ్ వాటా పోగా మిగిలిన సొమ్ము అందుకుంటాడు.

చరిత్రలోని గిల్డ్, అంటే మన శాసనాల్లోని శ్రేణి, దళారీ కొట్టు కాదు. పనిచేసేవారే తమ కోసం ఏర్పరచుకున్న కట్టుబాటు. ధర, నాణ్యత, శిష్యరికం వంటి విషయాలు వారి చేతుల్లో ఉండేవి. అంతటి నమ్మకం ఉన్నందువల్లనే క్రీ.శ. 2వ శతాబ్దంలో పశ్చిమ భారతాన్ని ఏలిన క్షత్రప రాజు నహపాణుని అల్లుడు ఉషవదాతుడు నాసిక్ దగ్గరి గోవర్ధనంలోని రెండు నేతగాళ్ల శ్రేణుల వద్ద 3,000 కార్షాపణాలు (ఆనాటి నాణేలు) నిక్షేపించి, ఒకదాని నుంచి నెలకు నూటికి ఒకటి, రెండోదాని నుంచి ముప్పావు చొప్పున వచ్చే వడ్డీని భిక్షువుల అవసరాలకు కేటాయించాడని నాసిక్ గుహ శాసనం చెబుతోంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం మందసోర్ శాసనం. లాట దేశం (నేటి దక్షిణ గుజరాత్) నుంచి దశపురానికి (నేటి మధ్యప్రదేశ్‌లోని మందసోర్) పట్టునేతగాళ్ల శ్రేణి తరలివెళ్లింది. అక్కడ కొందరు నేతలోనే కొనసాగగా, కొందరు విలువిద్యలో, కొందరు జ్యోతిషంలో, కొందరు కథలు చెప్పడంలో పేరు తెచ్చుకున్నారు. అందరూ కలిసి 436 ప్రాంతంలో కట్టించిన సూర్యాలయాన్ని 473లో ఆ శ్రేణే బాగుచేయించింది. శ్రీకాకుళం నుంచి చెన్నైకి వలస వెళ్లే మన కూలీలు మేస్త్రీ వెంట వెళతారు గానీ, ఇలా ఒక సంఘంగా కదలడం అరుదు.

నైపుణ్యం విషయంలోనూ శ్రేణిదే పైచేయి. పొందూరు ఖద్దరు కోసం గింజపత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వే పని పెద్దల పక్కన ఏళ్లతరబడి కూర్చుంటే తప్ప చేతికి రాదు. నోటీసు బోర్డు దాన్ని నేర్పలేదు. అయితే శ్రేణి తలుపు అందరికీ తెరుచుకునేది కాదు. ఐరోపాలో యజమానుల కొడుకులకూ అల్లుళ్లకూ దారి సులువు, బయటివారికి కష్టం. ఫ్రాన్స్ 1791లో గిల్డులను రద్దు చేయడానికి ఈ గుత్తాధిపత్యం ఒక ముఖ్య కారణం. కథల్లోని గిల్డ్ ఎవరి కొడుకువని అడగదు.

కాబట్టి ఎవరి అండా లేని పద్దెనిమిదేళ్ల కుర్రాడికి సాహసికుల గిల్డే మేలంటాను. కాలు విరిగిన నలభై ఏళ్లవాడికి మాత్రం శ్రేణి కావాలి. ఐరోపాలోని చాలా గిల్డుల్లో జబ్బుపడిన సభ్యుడికీ, చనిపోయినవాడి భార్యకూ ఉమ్మడి సొమ్ము నుంచి సాయం అందేది. నేను చదివిన కథల్లో కాలు విరిగిన సాహసికుడు సారాకొట్టు మూలన కూర్చుని కనిపిస్తాడే తప్ప, అతని పేరిట గిల్డ్ ఒక్క నాణెం తీసిన సన్నివేశం ఇంతవరకు ఎదురుపడలేదు.