టైగర్ కబ్ ఫ్రేములో సీజీ 200 ఇంజన్: మాగ్నెట్ బరువు కథ

ట్రయంఫ్ టైగర్ కబ్ అనే పాత బ్రిటిష్ బండి ఫ్రేములో హోండా సీజీ రకం ఇంజన్ ఎక్కించి చేసుకున్న నా ట్రయల్స్ బండిని చూసినవాళ్ళంతా మొదట అడిగేది పవర్ ఎంతని. ట్రయల్స్ బండికి పవరుతో పనేముంది? నడక వేగంలో, తడి రాళ్ళ మీద, కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి కాలు పెడితే ఒక పెనాల్టీ పాయింటు పడుతుంది, ఇంజన్ ఆగి కాలు ఆనిందా అయిదూ పడతాయి. కాబట్టి ఎంత నెమ్మదిగా తిరిగినా ఇంజన్ ఆగకూడదు, అంతే. నా బండిలో ఆ పని చేసిపెడుతున్నది మాగ్నెట్‌కి, అంటే క్రాంక్ చివర తిరుగుతూ కరెంటు పుట్టించే చక్రానికి, బిగించిన ఉక్కు రింగు. కొన్నేళ్ళుగా నడుపుతున్నాను. నాకు ఈ బండి మీద ప్రేమ ఉన్నా, కోపం ఉన్నా అదంతా ఆ రింగు మీదే.

ముందే చెప్పేస్తాను, నేను మంచి కబ్ ఇంజన్ని పీకి పారేయలేదు. ఫ్రేమే ఇంజన్ లేకుండా దొరికింది. అందులోకి ఏది ఎక్కించాలా అని చూస్తుంటే హోండా సీజీ వంశానికి చెందిన 200 ఇంజన్ కంటబడింది. పాత టైగర్ కబ్ 199 సీసీ, బోరు 63, స్ట్రోకు 64 మిల్లీమీటర్లు. సీజీ 200 దాదాపు 197 సీసీ, బోరు 63.5, స్ట్రోకు 62.2. రెండూ పుష్‌రాడ్ ఇంజన్లే, అంటే క్యామ్ కిందే ఉండి పొడుగు కడ్డీలతో వాల్వుల్ని నెట్టేవి. కాగితం మీద చూస్తే సొంత అన్నదమ్ములు. క్యామ్ పైన ఉండే ఇంజనైతే హెడ్డు పొడుగై టాంకు గొట్టానికి తగిలేది, టాపెట్లు చూసుకోవాలన్నా ఇంజన్ దించాల్సి వచ్చేది. దీనికి టాంకు తీస్తే చాలు.

మౌంటింగ్ ప్లేట్లు, చైను వరస లాంటివి ఎవరైనా చేసుకోగలరు. తలనొప్పంతా పెడళ్ళ దగ్గరే. కబ్‌లో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. సీజీలో గేరు ఎడమ. బ్రేకు పెడల్‌ని కుడివైపు తెచ్చి, ఫ్రేము కింద నుంచి అడ్డంగా ఒక షాఫ్టు వేసి, అవతల ఉన్న డ్రమ్ముకి రాడ్డు కలపాలి. కిక్ రాడ్డు కూడా కుడివైపే. ట్రయల్స్‌కి ఫుట్‌రెస్టులు వెనక్కి, కిందికి జరుపుతాం కదా, కిక్ కొట్టిన ప్రతిసారీ రాడ్డు వచ్చి ఫుట్‌రెస్టుకే తగులుతుంది. నేను మడిచే ఫుట్‌రెస్టు పెట్టుకున్నాను. ఒక లాభం మాత్రం ఉంది. కబ్‌కి ఆయిల్ విడిగా టాంకులో ఉండేది, సీజీకి ఇంజన్ అడుగునే ఉంటుంది. ఖాళీ అయిన ఆయిల్ టాంకులో ఇప్పుడు ప్లగ్గులు, స్పానర్లు పడుకుంటున్నాయి.

ఇక రింగు సంగతి. సీజీ రోడ్డు బండి కోసం పుట్టిన ఇంజను. సరిగా ఆయిల్ మార్చని, టాపెట్లు చూడని వాళ్ళ చేతుల్లో కూడా బతకాలని 1976లో హోండా పుష్‌రాడ్లతో చేసిన డిజైను. ఓర్పు బాగా ఉంటుంది, తిరిగే బరువే తక్కువ. థ్రాటిల్ మూసి రాయి మీదికి ఎక్కబోతే రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటుంది. ఏరియల్ హెచ్‌టీ5 లాంటి పాత 500 సీసీ బండ్లు దడ్ దడ్ మంటూ తీరుబడిగా ఎక్కేవంటే అది లోపలి బరువైన ఫ్లైవీల్స్ పుణ్యం. (ఆ ఏరియల్ మీదే పేరు తెచ్చుకున్న శామీ మిల్లర్ 1964 చివర్లో దాన్ని వదిలి బుల్టాకో టూస్ట్రోక్ ఎక్కి, 1965 స్కాటిష్ సిక్స్ డేస్ అనే ట్రయల్స్ పోటీ గెలిచాడు. ఫోర్‌స్ట్రోక్ పని అయిపోయిందని అందరూ అనుకున్నాక ఎడ్డీ లెజూన్ 1982 నుంచి 84 వరకు వరసగా మూడు ప్రపంచ టైటిళ్ళు హోండా ఫోర్‌స్ట్రోక్ మీద కొట్టాడు. నా ఓటు ఎటో అర్థమయ్యే ఉంటుంది.)

రింగుని మాగ్నెట్ అంచు చుట్టూ తొడిగితే మేలు, కేంద్రానికి ఎంత దూరంగా ఉంటే బరువు అంత బాగా పనిచేస్తుంది. కానీ ఈ మాగ్నెట్ అంచు మీద ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలో చెప్పే పికప్ కాయిల్‌కి సంకేతమిచ్చే చిన్న బొడిపె ఉంది. అందుకని రింగుని ముఖం మీద బోల్టులతో బిగించి, కవరు ముయ్యడానికి కింద స్పేసర్ వేయాల్సి వచ్చింది. నాది సెల్ఫ్ లేని రకం కాబట్టి అక్కడ చోటు దొరికింది. కిలోకి కాస్త తక్కువ బరువున్న రింగుతో బండి స్వభావమే మారిపోయింది. మొదటి గేరులో, క్లచ్ పూర్తిగా వదిలేసి, వేరు మీంచి వేరు మీదికి పాకుతుంటే ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోవచ్చు. చక్రం గీరుకోకుండా పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఈ ఆనందం కోసమే ఇంత తతంగం.

అది దెబ్బకొట్టిన రోజు గురించి కూడా చెప్పాలి. మెట్టులా ఉన్న రాయి ఎక్కుతున్నాను. ముందు చక్రం పైకి వెళ్ళింది, అడుగు ప్లేటు రాతి అంచు మీద కూర్చుంది, వెనక చక్రం సందులో బిగుసుకుంది. క్లచ్ పట్టేలోపే ఇంజన్ టక్కున ఆగింది. కిక్ కొడితే రాడ్డు ఎదురు తన్నింది. మడమ నుంచి మోకాలి దాకా జివ్వుమంది. మళ్ళీ కొడితే కార్బురేటర్లోంచి ఒక పేలుడు, మళ్ళీ ఎదురు తన్ను. చుట్టూ చేరినవాళ్ళంతా కార్బురేటరే అన్నారు. ప్లగ్గు తీసి చూస్తే కరెంటు నీలంగా దూకుతోంది. రంధ్రానికి బొటనవేలు పెడితే కంప్రెషన్ నెట్టేస్తోంది. పెట్రోలుకీ లోటు లేదు. మూడూ ఉండి బండి స్టార్ట్ కాకుండా ఎదురు తంతోందంటే నిప్పు వేళతప్పి పడుతోందన్నమాట.

ప్లగ్గు రంధ్రంలో సన్నటి పుల్ల పెట్టి పిస్టన్ని పై కొసకి తెచ్చి చూశాను. మాగ్నెట్ మీది టీ గుర్తు గీతకి ఎదురుగా ఉండాలి కదా, అది గీత దాటి ముందుకు పోయి ఉంది. పుల్లర్ వేసి లాగితే తెలిసింది: మాగ్నెట్‌ని క్రాంక్ మీద సరైన చోట నిలిపే అర్ధచంద్రాకారపు ముక్క, హాఫ్‌మూన్ కీ, నడుమకి తెగింది, సగం క్రాంక్ గాడిలో, సగం మాగ్నెట్ గాడిలో. క్రాంక్ ఆగినా పైనున్న బరువు ఆగలేదు, కీని కోసుకుంటూ ముందుకి జారింది. మాగ్నెట్ ముందుకి జారితే నిప్పు ముందే పడుతుంది, ఎదురు తన్ను అందుకే.

అసలు మాగ్నెట్‌ని పట్టి ఉంచాల్సింది ఆ కీ కాదు. దాని పని గుర్తు కుదర్చడమే, పట్టంతా టేపరుది, అంటే క్రాంక్ చివర సన్నబడుతూ పోయే శంకు భాగానిది. నా ఇంజన్లో క్రాంక్ టేపరు మూతి దగ్గర ఒక సన్నటి పట్టీ మాత్రమే మెరుస్తోంది, మిగతాదంతా మసకగా ఉంది. అంటే అది కొత్తప్పటి నుంచీ పూర్తిగా ఆనలేదు. సన్నటి గ్రైండింగ్ పేస్టుతో రెండూ ఒకదానికొకటి అరగదీసి, మసక అంతా సమంగా బూడిద రంగుకి వచ్చాక పెట్రోలుతో కడిగి, చుక్క గ్రీజు కూడా లేకుండా ఆరబెట్టి, కొత్త కీ పెట్టి, టార్క్ రెంచితో బిగించాను. రింగుని లేత్ మీద కొంత తగ్గించాను కూడా. ఆ తర్వాత ఇంతవరకూ జారలేదు. ప్లగ్గులతోపాటు ఒక కీ ఎప్పుడూ ఆ ఆయిల్ టాంకులో ఉంటుంది.

దిగుళ్ళలో ఫోర్‌స్ట్రోక్ తానే బ్రేకు పడుతుందని మొదట్లో అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. పడుతుంది, కాకపోతే రింగు ఉన్నాక థ్రాటిల్ మూశాక ఒక క్షణం ముందుకి తోసి, ఆ తర్వాత పడుతుంది. బురద దిగుడులో ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంటుంది. పెద్ద మెట్టు ముందు ఒక్కసారిగా రేజ్ చేసి ముందు చక్రం లేపాలన్నా బద్ధకిస్తుంది. మొదటి గేరు ట్రయల్స్‌కి ఇప్పటికీ ఎక్కువే. వెనక పట్టినంత పెద్ద స్ప్రాకెట్ వేసినా, బాగా బిగువైన మలుపుల్లో క్లచ్ మీద వేలు పెట్టే నడపాలి.

నేను పోటీ బోర్డుల్లో పేరు కోసం నడపను, బరువు మనిషిని, ఎగిరి దూకే వయసు కాదు. అందుకే ఈ నిదానం నాకు సరిపోయింది. ప్రీ-65 క్లాసులో, అంటే 1965కి ముందు తరం బండ్ల పోటీలో, దిగాలనుకునేవాళ్ళు దీని జోలికి రావద్దు, ఈ ఇంజన్ని అక్కడ ఒప్పుకోరు. సన్నగా, చురుగ్గా ఉండే కుర్రాళ్ళకి రింగు లేకుండానే నచ్చొచ్చేమో. మాగ్నెట్ విప్పడం, టేపరు అరగదీయడం చేతకాకపోతే, చేసిపెట్టేవాళ్ళు దగ్గర్లో లేకపోతే, అసలు కబ్ ఇంజన్నే వెతుక్కోవడం మేలు.